మేకలూ పెరటితోటా: పల్లె కాపురంలో మొదటి రెండేళ్లు

పల్లెలో కొంత నేల సమకూర్చుకుని, రెండు మూడు మేకలను సాకుతూ, కూరగాయలు సొంతంగా పండించుకుంటూ స్థిరపడదామని బయలుదేరేవారిలో చాలామంది మొదటి నెలలోనే మేకలను తెచ్చుకుంటారు. ఆ తర్వాత కంచె కోసం, మేత కోసం, నీటి కోసం ఒకేసారి పరుగులు తీస్తారు. ఈ వరసను పూర్తిగా తిరగవేయాలన్నదే ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచిన మాట. ముందు నీరు, తర్వాత కంచె, తోట, మేత, అన్నిటికంటే చివర మేక. తోట ఆలస్యమైతే ఒక పంటకాలం పోతుంది గాని, సిద్ధపడని ఇంటికి వచ్చిన మేక ప్రాణంతోనే మూల్యం చెల్లిస్తుంది. అందువల్ల మొదటి ఏడాది మేకలు లేకుండా గడపడమే మంచిదని నా అభిప్రాయం.

నేలనూ నీటినీ చదవడం

ఆ మొదటి ఏడాది వృథా కాదు. పెద్ద వాన కురిసిన రోజున గొడుగు వేసుకుని నేలంతా తిరిగి, నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నదో, ఎక్కడ మర్నాటి దాకా నిలుస్తున్నదో గుర్తు పెట్టుకోవాలి. నీరు నిలిచే చోట కొట్టం కట్టకూడదు. ఎందుకంటే మేక చలినైనా ఓర్చుకుంటుంది గాని కాళ్ల కింద తడిని ఓర్చుకోలేదు. అన్ని ఋతువుల్లోనూ రోజుకు కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ పడే చోటు ఏదో చూసుకుని దానిని తోటకు కేటాయించాలి. గాలి ఎటునుంచి గట్టిగా వీస్తుందో తెలిస్తే, కొట్టం వాసన ఇంటిలోకి రాకుండానూ, వానజల్లు కొట్టంలోకి కొట్టకుండానూ దాని ముఖం ఎటు తిప్పాలో తెలుస్తుంది. తాగునీటి బావికి కొట్టం, పెంటకుప్ప కనీసం 30 మీటర్ల దూరంలో, బావికంటే పల్లంలో ఉండాలి.

నీటి లెక్కను కాగితం మీద వేసి చూడడం తప్పనిసరి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు వస్తుంది. 60 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన కురిస్తే లెక్క ప్రకారం 30,000 లీటర్లు రావాలి గాని, చిందిపోయినదీ ఆవిరైనదీ తీసేస్తే 24,000 లీటర్లు దక్కుతాయని అనుకోవడం మంచిది. వానలేని రోజుల్లో కూరగాయల మడికి వారానికి చదరపు మీటరుకు సుమారు 25 లీటర్లు కావాలి. అంటే 40 చదరపు మీటర్ల తోట వారానికి వెయ్యి లీటర్లు తాగుతుంది. పాలిచ్చే మేక ఎండనుబట్టి, పాలనుబట్టి రోజుకు నాలుగు నుంచి పది లీటర్ల దాకా తాగుతుంది. మీ ప్రాంతంలో వాన లేని వారాలు ఎన్నో లెక్కపెట్టి, తోట ఎంత, మేకలు ఎన్ని అన్నది ఈ అంకెలనుబట్టి నిర్ణయించుకోవాలి. కోరికనుబట్టి నిర్ణయించుకుంటే ఎండాకాలంలో మొక్కలకా, మేకలకా అనే ప్రశ్న ఎదురవుతుంది.

చిన్న తోట

మొదటి తోట 40 చదరపు మీటర్లకు మించకూడదు. దున్నిన నేలంతా మన సొంతమైనట్టే కనబడుతుంది గాని, మొదటి వానలకు లేచిన కలుపు ముందు ఒక జత చేతులు ఎంతపాటి పని చేయగలవో అప్పుడే తెలుస్తుంది. నేలలో పది పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి, కలిపి, పరీక్షకు పంపాలి. ఉదజని సూచిక (మట్టి పులుపును తెలిపే అంకె, pH) 6 నుంచి 7 మధ్య ఉంటే చాలా కూరగాయలకు సరిపోతుంది. మడులను 120 సెంటీమీటర్ల వెడల్పుకు మించకుండా వేసుకుంటే, రెండు వైపుల నుంచీ మధ్యకు చేయి అందుతుంది, మడిలో కాలు పెట్టవలసిన అవసరం రాదు. ఒకసారి తొక్కి గట్టిపరచిన మట్టి తిరిగి గుల్లబారడానికి ఎంత కాలం పడుతుందో చూసినవారు రెండోసారి తొక్కరు.

ఆకుకూరలు, చిక్కుడు జాతులు, గుమ్మడి వంటి తీగలు తొలి ఏటి పొరపాట్లను కొంత సహిస్తాయి. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబానికి చెందినవి గనుక, ఒకటి పండిన మడిలో ఇంకొకటి కనీసం మూడేళ్ల పాటు వేయకుండా ఉంటే నేలలో దాగే తెగుళ్లు కొంతవరకు తగ్గుతాయి. చిక్కుడు జాతి వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతుంది కాబట్టి, కాపు అయిపోయాక ఆ మొక్కలను పీకివేయకుండా మొదలు దగ్గర కోసి వేళ్లను నేలలోనే వదలాలి. కోసిన తీగలు మరుసటి ఏటి నుంచి మేకల మేతకు వస్తాయి.

కంచె

మేకల పెంపకంలో కంచె మీద పెట్టిన ఖర్చు ఏనాడూ ఎక్కువ కాదు. మేక కంచెను దూకడమొక్కటే చేయదు. ముందుకాళ్లు దాని మీద వేసి నిలబడుతుంది, పక్కటెముకలు రాసుకుంటుంది, కిందనుంచి మూతితో ఎత్తి చూస్తుంది. రోజూ పదిసార్లు ఇలా చేస్తే బలహీనమైన గుంజ నెలలోనే వంగిపోతుంది. కాబట్టి కంచె కనీసం 120 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. హుషారైన పిల్లలూ, పొడుగుకాళ్ల జాతులూ ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. మూలగుంజలను లోతుగా పాతి, ఏటవాలు ఊతకర్రలు బిగించాలి. వల అడుగు నేలను తాకుతూ ఉండాలి. వల కన్నాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సుమారు 15 సెంటీమీటర్ల చదరపు కన్నంలోంచి కొమ్ముల మేక తల సులభంగా దూరుస్తుంది గాని వెనక్కి తీయలేదు, కొమ్ములు అడ్డుపడతాయి. ఎండలో అలా చిక్కుకున్న మేకను గంటల తరబడి ఎవరూ చూడకపోతే అది చచ్చిపోవచ్చు. కన్నాలు తల పట్టనంత చిన్నవిగానైనా ఉండాలి, లేదా తల హాయిగా వచ్చిపోయేంత పెద్దవిగానైనా ఉండాలి.

కంచె పక్కన బండ, మొద్దు, తొట్టి ఏదీ ఉండకూడదు. మేకకు అది మెట్టు అవుతుంది. గేటు గొళ్లెం పెదవులతో కదిపితే తెరుచుకునే రకం అయితే మేక ఒకటి రెండు రోజుల్లో నేర్చుకుంటుంది, కొక్కెం వేసి దానికి అడ్డుచీల పెట్టాలి. మేకల దొడ్డికి ఒక కంచె, తోటకు విడిగా మరొక కంచె ఉండాలన్నది నేను మార్చుకోని నియమం. రెండు మేకలు ఒక్క గంటలో కూరగాయల మడులను మోడు చేయగలవు. అంతకంటే బాధాకరం ఏమిటంటే, లేత పండ్లచెట్ల బెరడును చుట్టూ కొరికివేస్తాయి. చుట్టూ బెరడు పోయిన చెట్టు ఇక బతకదు.

కొట్టం పెద్దది కానక్కరలేదు, ఒక్కో మేకకు ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల నేల, పొడిగా ఉండే పరుపు, పై భాగంలో గాలి ఆడే సందు ఉంటే చాలు. గాలి సరిగా ఆడుతున్నదో లేదో తెలుసుకోవడానికి, తెల్లవారుజామున తలుపు తీయగానే మోకాళ్ల మీద కూర్చుని మేక ముక్కు ఉండే ఎత్తులో ఊపిరి పీల్చి చూడాలి. అమ్మోనియా ఘాటు కళ్లకు తగిలితే రాత్రంతా మేక ఊపిరితిత్తులు దానినే భరించాయన్నమాట. పరుపు మార్చాలి, సందు పెంచాలి.

మేకకంటే ముందు మేత

మేక గొర్రెలా నేలబారు గడ్డి మేసే జీవి కాదు. తల ఎత్తి ఆకులు, కొమ్మల కొసలు, పొదలు కొరుక్కు తినే జీవి. దొడ్డిలో పచ్చగడ్డి ఉన్నదంటే మేత ఉన్నట్టే అనుకోకూడదు. మొదటి ఏడాదే కంచె వెలుపలి వైపున మల్బరీ వంటి, నరికినకొద్దీ చిగిర్చే చెట్లను నాటుకుంటే రెండో ఏటికి కొమ్మలు కోసి వేయడానికి వస్తాయి. మేక తన బరువులో సుమారు మూడు నుంచి నాలుగు శాతం ఎండుపదార్థం (మేతలో నీరు తీసేయగా మిగిలేది) రోజూ తింటుంది. 40 కిలోల మేకకు అది 1.2 నుంచి 1.6 కిలోలు. పచ్చి ఆకులో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే కాబట్టి, పచ్చిమేత మీదనే పెంచితే రోజుకు ఆరేడు కిలోలు కోయవలసి వస్తుంది. పచ్చిమేత దొరకని కాలం 120 రోజులనుకుంటే, రెండు మేకలకు సుమారు 400 కిలోల ఎండుగడ్డి కావాలి. కింద పడి తొక్కుడు పడినదాన్ని మేక ముట్టదు గనుక ఇంకో వంద కిలోలు కలుపుకోవాలి. ఆ గడ్డిని తడవకుండా దాచే చోటు మేకలు రాకముందే సిద్ధమై ఉండాలి.

అదే సమయంలో కంచె వెంబడి నడుస్తూ విషపు మొక్కలను ఏరివేయాలి. గన్నేరు ఆకు పచ్చిదైనా, ఎండినదైనా, కొద్దిగా తిన్నా ప్రాణం తీస్తుంది. రోడోడెండ్రాన్, యూ చెట్టు, లాంటానా కూడా విషమే. చెర్రీ, ప్లమ్ జాతి చెట్ల కొమ్మ విరిగి ఆకులు వాడినప్పుడు, లేత జొన్న గాని వానలేక బెట్టకు వచ్చిన జొన్న గాని తిన్నప్పుడు సైనైడు విషం పుట్టి మేక నిమిషాల్లో కూలిపోవచ్చు. తోటలోంచి టమాటా, బంగాళాదుంప ఆకులను మేకలకు వేయకూడదు. చిక్కుడు తీగలు, మొక్కజొన్న దంట్లు, క్యాబేజీ పై ఆకులు కొద్దికొద్దిగా వేయవచ్చు.

మేకలను ఎంచుకోవడం

ఒక్క మేకను ఎన్నడూ తెచ్చుకోకూడదు. అది మంద జీవి. ఒంటరి మేక రోజంతా అరుస్తుంది, మేత మానుతుంది, కంచె దాటడమే పనిగా పెట్టుకుంటుంది. ఒకచోట పెరిగిన రెండు ఆడమేకలు, లేదా ఒక ఆడమేక, విత్తులు కొట్టించిన ఒక పోతు మొదటి మందగా సరిపోతాయి. విత్తనపు పోతును మొదట్లో తెచ్చుకోవద్దు. ఎద కాలంలో దాని వాసన పాలకు అంటుతుంది, దాని బలాన్ని ఆపగల కంచె వేరు. ఎదకు సుమారు 21 రోజులకొకసారి వచ్చే మేకను ఆ ఒకటి రెండు రోజుల్లో మంచి పోతు ఉన్నచోటికి తీసుకుపోవడం సులభం.

కొనేటప్పుడు మేకను నడిపించి చూడాలి, నిలబెట్టి పొదుగు రెండు భాగాలూ పట్టి చూడాలి. గట్టిగా, వేడిగా, ఒక వైపు చిక్కిపోయి ఉంటే వదిలేయాలి. దవడ కింద, భుజం ముందు గడ్డలు ఉన్నాయేమో చేతితో తడమాలి. మేకకు పైదవడ ముందు భాగంలో పళ్లుండవు. కింది ఎనిమిది పళ్లలో మధ్య జత ఏడాది దాటాక మారుతుంది, ఆ తర్వాత ఏడాదికి సుమారు ఒక జత చొప్పున మారుతాయి కాబట్టి, వయసు అమ్మేవారు చెప్పినదేనా అన్నది నోరు తెరిచి చూస్తే తెలుస్తుంది. మేకల నుంచి మనుషులకు అంటే జ్వరవ్యాధి బ్రూసెల్లోసిస్‌కు పరీక్ష జరిగిందా అని అడగడానికి మొహమాటపడకూడదు. అనేక మందలు కలిసే సంతలో కంటే, మందను ఇంటి దగ్గర చూసి కొనడం క్షేమం. తర్వాత ఎప్పుడు కొత్త మేకను తెచ్చినా 30 రోజులు విడిగా ఉంచాలి.

మేకతో పాటు అది తింటున్న మేతను కూడా కొంత తెచ్చుకుని, పది రోజుల్లో కొద్దికొద్దిగా కొత్త మేతకు మార్చాలి. నెమరుపొట్టలోని సూక్ష్మజీవులు ఏ మేతకు అలవాటు పడితే దానినే అరిగించగలవు. ఒక్కసారిగా గింజలు తింటే అవి పులిసి ఆమ్లం పెరిగి మేక ఒక రోజులోనే చనిపోవచ్చు. దాణా గది తలుపు గడియ పడిందనుకుని నేను ఒక రాత్రి పడుకున్నాను, తెల్లవారేసరికి చూడి మేక ఒకటి పొట్ట ఉబ్బి లేవలేని స్థితిలో ఉంది, సాయంత్రానికి పోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. దాణా గదికి రెండు గడియలు పెట్టండి, రెండూ రోజూ చూడండి.

నట్టలు

వెచ్చగా, తడిగా ఉండే ఏ ప్రాంతంలోనైనా మేకలను ఎక్కువగా చంపేది కడుపులోని హీమాంకస్ కంటార్టస్ అనే నట్ట, అంటే కడుపు పురుగు. ఇది నాలుగో పొట్ట గోడకు అంటుకుని రక్తం పీలుస్తుంది. ఒక్కొక్క ఆడనట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటతో నేలకు చేరి, వెచ్చని తడిలో వారం పది రోజుల్లో పిల్లదశకు వచ్చి, మంచుతడిలో గడ్డిపరక మీదికి పాకుతాయి. కాని నేలకు దగ్గరగానే ఉంటాయి, ఎక్కువ భాగం అడుగు నుంచి 5, 6 సెంటీమీటర్లలోపే. మేకను సహజంగా తినే ఎత్తులో, ఆకుల మీద ఉంచితే నట్టల బెడద సగం తగ్గేది ఇందువల్లనే. గడ్డి పది సెంటీమీటర్లకు తగ్గకముందే దొడ్డి మార్చాలి, మేత నేలమీద కాక ఎత్తైన తొట్టిలో వేయాలి, పొద్దున మంచు ఆరాకే వదలాలి.

నెలనెలా అన్ని మేకలకూ మందు పోయడం పాత పద్ధతి. దానివల్ల మందుకు లొంగని నట్టలే మిగిలి వృద్ధి చెందుతాయి. దీనికి విరుగుడుగా దక్షిణాఫ్రికాలో 1990ల్లో ఫమాచా అనే పద్ధతి రూపొందింది. కింది కనురెప్పను కొద్దిగా తిప్పి, లోపలి పొర రంగును ఐదు రంగుల కార్డుతో పోల్చి చూస్తారు. ముదురు ఎరుపు ఉంటే రక్తం బాగున్నట్టు, తెల్లగా పాలిపోయి ఉంటే నట్టలు రక్తం పీల్చేసినట్టు. పాలిపోయినవాటికే మందు వేయాలి. వానాకాలంలో ప్రతి రెండు వారాలకూ ఈ పరీక్ష చేయాలి. దవడ కింద నీరు చేరి సంచిలా వేలాడితే ఆలస్యం చేయకూడదు. మందు మోతాదు పశువైద్యుణ్ణి అడిగే వేయాలి. మేక శరీరం మందును గొర్రె కంటే త్వరగా బయటికి పంపేస్తుంది కాబట్టి, డబ్బా మీద గొర్రెలకు రాసిన మోతాదు చాలా మందుల విషయంలో చాలదు.

మిగిలిన పనులు తేలికైనవి. చిటుకు రోగానికీ ధనుర్వాతానికీ టీకా మొదటిసారి మూడు నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు, ఆ తర్వాత ఏటా ఒకటి. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి కత్తిరించాలి. ఖనిజ లవణ మిశ్రమం మేకలకు తయారుచేసినదే పెట్టాలి. గొర్రెల మిశ్రమంలో మేకకు కావలసినంత రాగి ఉండదు.

ఈత, పాలు

మేకను పోతుకు కట్టించేముందు ఒక ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. పుట్టేవాటిలో సుమారు సగం పోతుపిల్లలు. వాటిని ఏం చేస్తారు? పెంచుతారా, అమ్ముతారా, మాంసానికి ఇస్తారా? సమాధానం లేకుండా చూడి కట్టించడం తప్పని నేను అనుకుంటాను. పోతుపిల్లలను మూడు నెలలు నిండేసరికి విడదీయాలి, లేకుంటే తల్లినీ తోబుట్టువులనూ చూడి కట్టిస్తాయి.

చూడి సుమారు 150 రోజులు. ఈనడానికి నాలుగు వారాల ముందు టీకా ఇస్తే ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకు చేరుతుంది. నొప్పులు గట్టిగా వస్తూ అరగంటలో ఏ ముందడుగూ లేకపోతే వైద్యుణ్ణి పిలవాలి. బొడ్డును అయోడిన్‌లో ముంచాలి. మొదటి రెండు గంటల్లోనే పిల్ల ముర్రుపాలు తాగేలా చూడాలి. మొదటి రోజులో పిల్ల తన బరువులో పదో వంతు ముర్రుపాలు తాగాలి, ఎందుకంటే రోగాలను ఎదిరించే ప్రతిరక్షకాలు పేగుల్లోంచి రక్తంలోకి చేరే దారి ఒక రోజులో మూసుకుపోతుంది. మాయను, తడిసిన గడ్డిని తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. క్యూ జ్వరం, బ్రూసెల్లోసిస్ మనుషులకు అంటేది ఎక్కువగా ఇక్కడే. గర్భిణులు ఆ కొట్టం దగ్గరికి రాకూడదు.

పాలు పితికేవారు రోజూ రెండు పూటలా, సుమారు పది నెలల పాటు ఆ వేళకు ఇంట ఉండాలి. తర్వాతి ఈతకు రెండు నెలల ముందు పాలు ఆపాలి. మొదటి రెండు ధారలు ముదురు రంగు గిన్నెలో పిండి గడ్డలు, తుంపులు ఉన్నాయేమో చూడాలి, ఉంటే అది పొదుగువాపు. పాలను వడకట్టి వెంటనే చల్లార్చాలి. పచ్చిపాలు తాగవద్దు. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో ఏటా మనుషులను పడగొట్టిన జ్వరానికి (అదే బ్రూసెల్లోసిస్) కారణమైన సూక్ష్మజీవిని బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1887లో కనుగొన్నా, అది ఆరోగ్యంగా కనిపించే మేకల పాలలోంచి వస్తున్నదని 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టొక్లీస్ జమ్మిట్ కనిపెట్టేదాకా ఎవరూ ఊహించలేదు. మేక నిగనిగలాడుతున్నంత మాత్రాన పాలు నిరపాయం కావు. పాలను కాచాలి, లేదా 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచాలి.

పెంట నుంచి మడికి

రెండో ఏడాది చివరికి కొట్టంలోని పెంట, మూత్రంతో తడిసిన గడ్డి, తోట చెత్త కలిసి తోటకు బలమైన ఎరువు అవుతాయి. పచ్చిపెంట వేయదలిస్తే, నేలను తాకే పంటలకు కోతకు 120 రోజుల ముందు, ఇతర పంటలకు 90 రోజుల ముందు వేయాలి. అందులోని రోగక్రిములు అంతకంటే త్వరగా చావవు. మంచి పద్ధతి ఎరువుగా మగ్గబెట్టడమే. కనీసం ఒక ఘనపు మీటరు కుప్ప వేసి, పిండిన గుడ్డంత తడి ఉంచి, లోపలి వేడి 55 డిగ్రీలు దాటిన స్థితి 15 రోజులు నిలిచేలా చూస్తూ, ఆ లోపల ఐదుసార్లు తిరగవేయాలి. వేడెక్కకపోతే పెంట చాలలేదు, అమ్మోనియా వాసన వస్తే ఎండు చెత్త చాలలేదు. చల్లారిన తర్వాత ఇంకో రెండు నెలలు కదపకుండా ఉంచితే అది నల్లగా, మట్టివాసనతో తయారవుతుంది.

బయటనుంచి ఎండుగడ్డి కొన్నవారు ఒక పరీక్ష చేయకుండా ఆ ఎరువును మడుల్లో వేయకూడదు. అమినోపైరలిడ్, క్లోపైరలిడ్ వంటి కలుపుమందులు చల్లిన గడ్డిని మేక తిన్నా ఆ మందు మేక కడుపులో విరిగిపోదు, పెంటలోకి వచ్చి, ఎరువు కుప్పలో కూడా నెలల తరబడి నిలిచి, టమాటా, చిక్కుడు మొక్కలను చెడగొడుతుంది. మూడు కుండీల్లో ఎరువు, మట్టి సగం సగం కలిపి, మరో మూడింటిలో వట్టి మట్టి పోసి, అన్నింటిలోనూ చిక్కుడు గింజలు నాటాలి. మూడు వారాల తర్వాత ఎరువు కుండీల్లోని ఆకులు గిన్నెలా ముడుచుకుని, కాండం మెలిపడి ఉంటే ఆ కుప్పను కూరగాయలకు వాడకుండా పచ్చిక నేల మీద చల్లేయాలి. రెండు వరసల్లోనూ ఆకులు ఒకేలా విచ్చుకుంటే, ఆ ఎరువును మడుల మీద మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల మందాన పరిచి, తొలివానకు వదిలేయవచ్చు.